మెల్నిక్ చెప్పిందట

స్టోన్ ఫెర్రీ, మానిటోబా
సెప్టెంబర్ 14

మార్తా,

'ప్రియమైన' అని మొదలుపెట్టలేదు. మరచిపోయి కాదు. ఫోను చేస్తే ఎత్తవు, ఎత్తినా నేను సగం మాటలో ఉండగానే పెట్టేస్తావు. కాగితాన్ని మధ్యలో ఆపలేవు కనుక ఇలా రాస్తున్నాను.

ల్యాబ్ మూసేస్తున్నారు. నీకు తెలిసిన సంగతే అయినా నా నోట వినాలని ఉంటుంది కదా, అందుకే చెబుతున్నాను. యూనివర్సిటీ వేసిన కమిటీ వేసవంతా మా గదుల్లో తిరిగి, మా కాఫీ తాగి, మొన్న సోమవారం తేల్చేసింది. డిసెంబరుతో సరి. సూర్యుడి కడుపులో మండేదాన్ని గాజులా గుండ్రంగా వంచిన ఉక్కు గొట్టంలో, అయస్కాంతాల మధ్య కనురెప్పపాటు పట్టి నిలపాలని మనిద్దరం జుట్టు నెరిసేదాకా కొట్టుకున్న యంత్రాన్ని ఇక పాత ఇనుము కింద విప్పేస్తారు.

కమిటీ పెద్ద ఫెన్విక్ మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. "ఏం చూసి మూస్తున్నారయ్యా?" అని నిలదీశాను. వాడు చూపు తిప్పుకుని, "మీ మెల్నికే చెప్పింది కదా ఓరెస్ట్, అక్కడ మనుషుల ప్రాణాలకు భరోసా లేదని. మీ ఇంటి మనిషే అన్నాక మేమింకేం చూడాలి?" అన్నాడు. అని, నాలుక కరచుకుని గబగబా దిగిపోయాడు.

మెల్నిక్ చెప్పిందట. కమిటీవాళ్లు జూన్‌లో నీకు ఫోన్ చేసి మాట్లాడారని నాకు తెలుసు. రెండేళ్ల క్రితం కంపెనీ ఉద్యోగానికి ఒంటారియో వెళుతూ నా ఇద్దరు ఇంజనీర్లను వెంటేసుకుపోయావు. పోనీలే, చెల్లెలే కదా అనుకున్నాను. ఇప్పుడు గోడలు కూడా కావలసి వచ్చాయా? తాల్యా గురించైనా ఆలోచించావా? నీ మేనకోడలు ఆ యంత్రం మీదే పీహెచ్‌డీ చేస్తోంది. దాని నోటి దగ్గరి కూడు లాగేశావు.

ఇక్కడ అప్పుడే మంచు కాటు పడింది. టమాటాలన్నీ పచ్చివి పచ్చివిగానే నల్లబడ్డాయి. నీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు.

ఆ మాట ఇంకా మిగిలి ఉంటే, నీ అన్న,
ఓరెస్ట్


హామిల్టన్, ఒంటారియో
సెప్టెంబర్ 23

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. అరుపులు కాగితం మీద కూడా వినిపిస్తాయని ఈ వయసులో తెలిసింది.

అవును, కమిటీ నన్ను అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పాను. నీ దగ్గర సంజాయిషీ ఇచ్చుకునే ఉద్యోగం నేను రెండేళ్ల క్రితమే మానేశాను.

ఇంజనీర్లను వెంటేసుకుపోయానా? వాళ్లు మేకపిల్లలు కారు, తాడు కట్టి తోలుకుపోవడానికి. డెస్మండ్ మూడుసార్లు నీ గదికి వచ్చి జీతం గురించి కాదు, కాస్త మర్యాద గురించి అడిగాడు. నువ్వు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. నా సంగతి సరేసరి. మంత్రిగారు ల్యాబ్ చూడటానికి వచ్చినప్పుడు ఏమన్నావు? "ఈమె మా చెల్లెలండీ, మాకు సాయం చేస్తూ ఉంటుంది." ఆయన నిలబడి మెచ్చుకుంటున్న, కరెంటు నిల్వచేసే ఆ కెపాసిటర్ల వరుస మొత్తం, మొదటి గీత నుంచి చివరి బోల్టు దాకా నేను తయారుచేసింది. సాయం చేస్తూ ఉంటుందట.

మార్చిలో ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ కెపాసిటర్లున్న బోను తలుపు తెరిస్తే కరెంటు దానంతటదే ఆగిపోవాలి. అది నేను పెట్టిన ఏర్పాటు. తలుపు స్విచ్చి పాడై మాటిమాటికీ యంత్రం ఆగిపోతోందని, నిధులిచ్చేవాళ్లు చూడటానికి వస్తున్నారని, నువ్వు అడ్డంగా ఓ వైరు ముక్క బిగించి ఆ ఏర్పాటును చంపేశావు. మర్నాడు మన పాత మెకానిక్ లయొనెల్ ఓ బోల్టు బిగించడానికి లోపలికి వెళ్లాడు. ఆయన లోపల ఉండగా కెపాసిటర్లకు కరెంటు ఎక్కడం మొదలైంది. ఆయన కేక వేశాడు, ఆపారు. కేక వినపడకపోయి ఉంటే? ఆ డబ్బాలు మనిషిని కాల్చవు అన్నయ్యా, మిగల్చవు. నువ్వేమో ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ "ఈ మాట గడప దాటకూడదు" అన్నావు.

ఎవరు చెప్పారని అడగకు. చెప్పను.

మార్తా


స్టోన్ ఫెర్రీ
అక్టోబర్ 3

మార్తా,

చెప్పనక్కర్లేదు. నాకు తెలిసిపోయింది.

ఆ రోజు గదిలో ఉన్నది నలుగురం. నేను, తాల్యా, లయొనెల్, జపాన్ నుంచి వచ్చిన ఓ అతిథి. అతిథి వెళ్లిపోయాడు. నీకు ప్రతి క్రిస్మస్‌కూ కార్డు పంపేదెవరు? లయొనెల్. నువ్వు వెళ్లిపోతుంటే పార్కింగులో నిలబడి కళ్లు తుడుచుకున్నదెవరు? లయొనెలే. ఇన్నేళ్లు నా పక్కన నిలబడి పనిచేసిన మనిషి, నా వెనకాల నీకు మాటలు మోశాడు.

పిలిచి అడిగాను. "మార్తాతో మాట్లాడావా?" అన్నాను. "మాట్లాడాను డాక్టర్, పుట్టినరోజుకి శుభాకాంక్షలు చెప్పాను" అన్నాడు. చూడు ఎంత తొణకకుండా చెప్పాడో! అదే రోజు అతణ్ణి మా విభాగం నుంచి తప్పించమని పైవాళ్లకు చెప్పాను. ఇప్పుడు కేంద్ర గోదాములో ఉన్నాడు.

మార్చిలో ఏమీ జరగలేదు. లయొనెల్ తన కాళ్ల మీద నడిచి బయటికి వచ్చాడు, టోపీ సర్దుకున్నాడు, టీ పెట్టుకున్నాడు. పరిశోధన అంటే భద్రతా విభాగంవాళ్లు అంటించిన కాగితాలు చదువుతూ కూర్చోవడం కాదు. నీకు కంపెనీలో అదే అలవాటైనట్టుంది.

ఇంకొకటి. తాల్యాను నీతో మాట్లాడవద్దన్నాను. సరేనంది. పాపం, ల్యాబ్ మూసేస్తారన్న దిగులుతో చిక్కిపోయింది. కంట్రోల్ బల్ల దగ్గర కూర్చోమంటే, చెయ్యి నొప్పిగా ఉంది నాన్నా అంటోంది. థీసిస్ రాసి రాసి వచ్చిన నొప్పి. ఆ పిల్ల నా పక్షం, గుర్తుంచుకో.

ఓరెస్ట్


హామిల్టన్
అక్టోబర్ 12

అన్నయ్యా,

లయొనెల్ చెప్పలేదు.

మళ్లీ రాస్తున్నాను, అద్దాలు పెట్టుకుని చదువు. లయొనెల్ నాకు ఏమీ చెప్పలేదు. మార్చి సంగతి ఆయన తన భార్యకే చెప్పలేదట. నిన్న బెర్నీస్ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి, టాయిలెట్ కాగితం చుట్టలు, ట్యూబ్‌లైట్లు బండి మీద పెట్టుకుని భవనం భవనానికీ తిరుగుతున్నాడు మార్తా. ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడడు. ఏం తప్పు చేశాడో చెప్పమంటే, డాక్టర్‌నే అడుగు అంటాడు" అంది. ఏం చెప్పను ఆవిడకు? నా అన్నకు లెక్కలు వచ్చు, మనుషులు రారు అని చెప్పనా?

నిన్ను వేడుకోవడం నాకు చేదు. అయినా వేడుకుంటున్నాను. ఆయన్ను వెనక్కి పిలిపించు. నీ కోపం నా మీద. నన్ను తిట్టు, కావలసినంత తిట్టు, ఎదురు చెప్పను. ఈ పాపంలో ఆయనకు భాగం లేదు.

ఎవరు చెప్పారో తెలిస్తే నీకు శాంతి కలుగుతుందనుకుంటున్నావు. కలగదు.

తాల్యాను నాతో మాట్లాడనివ్వకపోవడం గురించి ఏమీ అనను. కానీ దాని చెయ్యి డాక్టరుకు చూపించు. థీసిస్ నొప్పో కాదో వాళ్లు చెబుతారు.

థాంక్స్‌గివింగ్ ఒంటరిగానే గడిచింది. పండగ టర్కీ కోడికి బదులు సూప్ డబ్బా తెరిచాను. నీకు సంతోషం కలిగించే వార్త ఒకటైనా ఉండాలి కదా ఉత్తరంలో.

మార్తా


స్టోన్ ఫెర్రీ
అక్టోబర్ 27

మార్తా,

లయొనెల్‌ను వెనక్కి పిలిపించాలా? నువ్వు వెనకేసుకొస్తున్న తీరు చూస్తేనే నా అనుమానం నిజమని తేలిపోయింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే తాల్యా ఇల్లు వదిలి వెళ్లిపోయింది. నది అవతల ఎవరో అమ్మాయితో కలిసి గది తీసుకుందట. కారణం అడిగితే, "ఇక్కడ ఊపిరాడటం లేదు నాన్నా" అంది. అచ్చం నీ మాట! వెళ్లిపోయేముందు నువ్వు నా ముఖం మీద అన్న మాట! నా కూతురి నోట్లో నీ మాటలు ఎలా వచ్చాయి? నా కళ్లు కప్పి మాట్లాడుకుంటూనే ఉన్నారన్నమాట.

సరే. నాకు దొరికిన దారిలో నేనూ వెళ్లాను. మీ కంపెనీవాళ్లకు రాశాను. మీరు గొప్పగా చెప్పుకుంటున్న అయస్కాంతపు చుట్టల పద్ధతి మా ల్యాబ్‌లో పుట్టిందని, మీ మార్తా మెల్నిక్ దాన్ని సంచిలో వేసుకుని వచ్చిందని రాశాను. అందులో ఎంత నిజముందో లాయర్లు తేల్చుకోనీ. నా ఇంటికి నిప్పు పెట్టినదానివి, నీ ఇంట్లో పొగ ఎలా ఉంటుందో చూడు.

ఇట్లు, ఎవరో ఒకరు,
ఓ. మెల్నిక్


హామిల్టన్
నవంబర్ 6

డాక్టర్ ఓరెస్ట్ మెల్నిక్ గారికి,

తమరు రాసినది చేరింది. తమరి దయవల్ల సోమవారం ఆఫీసు లోపలికి వెళ్లే నా కార్డు తీసేసుకున్నారు. నా కింద పనిచేసే కుర్రవాళ్ల ముందే ఓ లాయరు నా బల్ల సొరుగులు తెరిచి, నా చేతి తొడుగులు, దగ్గు బిళ్లలు, అమ్మ ఫోటో బయటపెట్టి చూసింది. విచారణ పూర్తయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చున్నాను.

ఆ చుట్టల పద్ధతి నాది. అది నాదని ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసిన మనిషివి నువ్వొక్కడివే. పరీక్ష చేసిన రోజు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది ఎవరు? తెలిసి తెలిసి రాశావు. కోపంలో రాయడం వేరు. అబద్ధమని తెలిసీ అచ్చుతప్పులు దిద్దుకుని, స్టాంపు అంటించి పోస్టు చేయడం వేరు.

నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నేను ఒక్క మాట చెబితే చాలు. నువ్వు ఎవరి మీద పగబట్టాలో నీకు తెలిసిపోతుంది, నన్ను వదిలేస్తావు. ఆ మాట పెదవి దాకా వచ్చింది. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. చెప్పను. అది నీ మీద దయ అనుకోకు.

ఇక నాకు రాయవద్దు.

మార్తా మెల్నిక్


స్టోన్ ఫెర్రీ
నవంబర్ 24

మార్తా,

రాయవద్దన్నావు. రాయక తప్పదు. ఇష్టం లేకపోతే చింపెయ్యి, కాని చివరిదాకా చదివి చింపు.

ఆదివారం మధ్యాహ్నం తాల్యా వచ్చింది. కోటు విప్పలేదు, బూట్లు విప్పలేదు. వంటింట్లోకి మంచుతోనే నడిచి వచ్చి నిలబడింది. నేను దుంపలు తరుగుతున్నాను.

"లయొనెల్‌ను శుక్రవారం చూశాను" అంది.

"చూస్తే?"

"మన భవనంలోకే వచ్చాడు బండి తోసుకుంటూ. కొత్తగా చేరిన పిల్లలు, 'తాతా, మెత్తటి రకం తెచ్చావా?' అని నవ్వారు. ఆయన కూడా నవ్వాడు నాన్నా. నన్ను చూసి, నవ్వు ఆపేసి తల దించుకున్నాడు. తప్పు చేసినవాడిలాగా."

"చేశాడు కాబట్టే దించుకున్నాడు" అన్నాను.

"కమిటీకి చెప్పింది నేను."

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు మార్తా. "ఏం చెప్పావు?" అన్నాను.

"అంతా. వైరు సంగతి, నువ్వు నోరు మూసుకోమన్న సంగతి. విద్యార్థుల తరఫున మాట్లాడటానికి నన్ను పిలిచారుగా. ఫెన్విక్ అడగకముందే నేనే చెప్పాను. నేనూ మెల్నిక్‌నే నాన్నా. ఆ సంగతి నీకు గుర్తే రాలేదా?"

నేను ఏమన్నానో రాయడానికి నాకు మనసు రావడం లేదు. కన్నబిడ్డను ఏ తండ్రీ అనకూడని మాట అన్నాను. అది ఏడవలేదు. కుడిచెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆ చెయ్యి వణుకుతోంది. దుంపలు పెట్టిన గిన్నె అంచుకు తగిలి గలగలమంటోంది.

"మార్చిలో కంట్రోల్ బల్ల దగ్గర ఎవరున్నారు?" అంది.

నేనే కూర్చోబెట్టాను దాన్ని. నాకు తెలుసు.

"బొత్తాం నొక్కింది నేను. తలుపు మూసి ఉందని దీపం పచ్చగా వెలుగుతోంది, నువ్వు బిగించిన వైరు వల్ల. ఆయన లోపలున్నాడని నాకు తెలియదు. ఆయన కేక వినిపించినప్పుడు నా వేలు ఇంకా దాని మీదే ఉంది. నువ్వు వచ్చి ఏమన్నావో గుర్తుందా? 'ఏం కాలేదుగా, మళ్లీ మొదలుపెట్టు' అన్నావు. నేను మళ్లీ మొదలుపెట్టాను. నువ్వు చెప్పావని మళ్లీ నొక్కాను."

తర్వాత వెళ్లిపోయింది. నేల మీద మంచు కరిగిన నీళ్లు మిగిలాయి.

లయొనెల్ విషయంలో పొరబడ్డానని పైవాళ్లకు చెప్పాను. మీ కంపెనీకి రాసినదాన్ని వెనక్కి తీసుకున్నాను, ఆ పద్ధతి నీదేనని కూడా రాసి సంతకం చేశాను. ఇది క్షమాపణ కాదు. నీ మీద నా కోపం అలాగే ఉంది, కాకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఒక్కటి చెప్పు. నీకు ముందే తెలుసా?

ఓరెస్ట్


హామిల్టన్
డిసెంబర్ 2

అన్నయ్యా,

తెలుసు. కమిటీ గదిలోంచి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని నాకే ఫోన్ చేసింది. "అత్తా, నాన్నను ముంచేశాను" అని ఒకటే ఏడుపు. "ఎవరైనా అడిగితే నేనే చెప్పానని అనుకోనీ, నువ్వు చదువు పూర్తిచెయ్యి" అన్నాను. "మీ అన్నాచెల్లెళ్ల గొడవ నాకు కొత్త కాదుగా" అంది, కాస్త నవ్వింది కూడా. లయొనెల్ మీద పడతావని మాలో ఎవరికీ తోచలేదు. తోచి ఉండాల్సింది. బెర్నీస్ ఫోన్ చేసిన రోజే తాల్యా నీకు చెప్పేస్తానంది. ఆగమన్నది నేను. ఆ రెండు నెలల బండి చాకిరీలో నా వంతు ఉంది.

నువ్వు నన్ను దొంగ అన్నావు, ఇల్లు తగలబెట్టినదాన్నన్నావు. అవన్నీ మరచిపోతానేమో, వయసు మీద పడుతోంది. మరచిపోలేనిది ఇంకొకటుంది. మెల్నిక్ చెప్పిందని వినగానే, అంత పని నేను చేయగలనని ఒక్క క్షణంలో నమ్మేశావు. నీ కూతురు చేయగలదని మాత్రం మూడు నెలల్లో ఒక్కసారీ అనుకోలేదు. అది నీ పక్షమని రాశావు. ఎవరి పక్షమో ఏనాడైనా అడిగావా దాన్ని?

నేను కమిటీతో ఏం చెప్పానో తెలుసుకోవాలని ఉందా? ల్యాబ్ మూయవద్దన్నాను. ఈ దేశంలో అలాంటి యంత్రం మళ్లీ ఎవరూ కట్టరు, దాన్ని ఉంచండి, ఓరెస్ట్ మెల్నిక్‌ను పంపించేయండి అన్నాను. వాళ్లు రెండింటిలో సులువైనది చేశారు. కాబట్టి నీ కోపం ఎక్కడ పెట్టుకోవాలా అని వెతుక్కోకు. ఇక్కడే పెట్టుకోవచ్చు. చోటు ఉంది.

కంపెనీవాళ్లు కార్డు తిరిగి ఇచ్చారు. కుర్రవాళ్లు లేచి నిలబడ్డారు. నాకు సిగ్గేసింది.

మార్తా


స్టోన్ ఫెర్రీ
డిసెంబర్ 20

మార్తా,

నన్ను పంపించేయమన్నదానివి నువ్వేనన్నమాట. నేను ఊరికే అనుమానపడలేదు. ఆ ముక్క చదివాక కొన్నాళ్లుగా పట్టని నిద్ర పట్టింది.

నిన్న విప్పడం మొదలైంది. లయొనెల్‌ను పిలిపించారు, ఆ కెపాసిటర్ల జోలికి వెళ్లడానికి ఇక్కడ ఇంకెవరికీ ధైర్యం లేదు. అంతకుముందే ఆయన ఇంటికి వెళ్లాను. బెర్నీస్ తలుపు తీసి, నన్ను చూసి మళ్లీ మూసేసింది. గుమ్మం బయట చలిలో నిలబడ్డాను. చివరికి ఆయనే వచ్చాడు, కోటు కూడా వేసుకోకుండా. నేను నోరు తెరిచేలోపే, "అమ్మాయి చెయ్యి ఎలా ఉంది డాక్టర్?" అన్నాడు. తెలియదన్నట్టు తల ఊపాను. "అది కనుక్కుని రండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అని లోపలికి వెళ్లిపోయాడు.

కనుక్కున్నాను. డాక్టరు దగ్గరికి వెళుతోందట, మందు వేసుకుంటోందట. నన్ను వెంట రావద్దంది.

నిన్న అది కూడా వచ్చింది. వస్తుందనుకోలేదు. లయొనెల్‌తో ఏదో మెల్లగా మాట్లాడి నా దగ్గరికి వచ్చి, "తాళం ఇవ్వు నాన్నా" అంది. బోను తాళం. యంత్రం కట్టినప్పటి నుంచీ నా మెడలోనే ఉంది. తీసి ఇచ్చాను. "ఇప్పుడు ఆ పసుపు గీత అవతల నిలబడు" అంది. సందర్శకులను నిలబెట్టే గీత. "నేను ఇక్కడ..." అన్నాను. "అవతల" అంది.

వెళ్లి నిలబడ్డాను. ఓ మూల మిగిలిన కుర్రవాళ్లు చూడనట్టు చూస్తున్నారు. లయొనెల్ తలుపు పక్కన నిలబడ్డాడు. తాల్యా పొడవాటి ఎర్తు కడ్డీ తీసుకుని, ఒక్కో డబ్బాకూ తాకించి, లోపల మిగిలిన కరెంటు భూమిలోకి దించుతూ వెళ్లింది. ప్రతిదానికీ ఆగి, గట్టిగా "చల్లారింది" అని చెప్పింది. లయొనెల్ "చల్లారింది" అని తిరిగి పలికాడు. దాని చెయ్యి వణుకుతూనే ఉంది. వణుకుతున్న చేత్తోనే చివరిదాకా వెళ్లింది. ఆ తర్వాతే మనుషులను లోపలికి రానిచ్చింది. నన్ను అందరికంటే ఆఖరున.

థీసిస్‌కు కావలసిన కొలతలు ఉన్నవి చాలునట. అది పూర్తయ్యాక ఎక్కడికి వెళుతుందో నేను అడగలేదు. నీకు చెప్పే ఉంటుంది.

జనవరి ఆరున, అమ్మ పాటించే పాత పంచాంగపు క్రిస్మస్ ముందురాత్రి భోజనం తన గదిలోనే పెడుతుందట. ఆనవాయితీ ప్రకారం పన్నెండు వంటకాలూ తనే చేస్తానంటోంది. గోధుమలు, తేనె, గసగసాలు కలిపి అమ్మ చేసే పాయసం ఎలా చేయాలో నన్ను అడిగింది, నాకు తెలియదన్నాను. నీకు ఫోన్ చేస్తుంది, చెప్పు. లయొనెల్‌ను, బెర్నీస్‌ను పిలిచింది. నన్ను పిలిచింది. నిన్నూ పిలుస్తుందట. నువ్వు వస్తున్నావని తెలిసి నేను మానేస్తాననుకోకు. వస్తాను, తింటాను.

నీతో మాట్లాడేది మాత్రం లేదు.

ఓరెస్ట్